ఈ ఏటి అంకె

బెల్మీరు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య
ఇప్పుడో గుంట.
చిటికెడు ఉప్పు పోస్తే నిలుస్తుంది.

జూన్‌లో జతగాడి గొడ్డలి జారింది, మోచేతి దగ్గర.
తెగింది ఒక్క నరం.

పిలిచేవాళ్లు లేక
కండ తన దూలాలు తానే ఊడదీసుకుంటోందట,
ఒక్కో ప్రోటీనుకీ గుర్తు వేసి
లోపలి కత్తెరకి అందిస్తోందట.
ఎవోరా డాక్టరమ్మ చెప్పింది.

గుర్తులంటే అతనికి తెలుసు.
బెరడు ఒలిచిన ప్రతి కార్కు చెట్టు మీదా
తెల్లరంగుతో ఆ ఏటి అంకె వేసేవాడు:
తొమ్మిదేళ్లు ముట్టకండి, అని.

"నాలో మాత్రం గుర్తు పడితే నరుకుడేనా?"

నరం వస్తోంది, రోజుకో మిల్లీమీటరు.
ఈలోగా కరిగేది కరుగుతోంది.

సాయంత్రం ఎడమచేత్తో
కుడి మణికట్టు మీద
వంకరగా, తెల్లగా
ఒక అంకె వేసుకున్నాడు.
జాసింతా చూసింది.
కడిగెయ్ అనలేదు.