నాలుగో పేజీ

వంటింటి బల్ల మీద చేప పొలుసులు తుడిచి
లాప్‌టాప్ తెరిచాను.
దోరిందా అత్త చేతులు కడుక్కొచ్చి
ఫోటో స్టూడియోలో కూర్చున్నట్టు బిగుసుకుని కూర్చుంది.

"దీన్ని మీడియా కిట్ అంటారు."
"మందుల పెట్టెలాంటిదా?"
అలాంటిదే. పత్రికకి ఊపిరి అందడం లేదు మరి.

పదకొండేళ్ళుగా నెలకి ఎనిమిది పేజీలు.
ఆటుపోట్ల వేళలు, గుల్లల ధరలు,
ఎవరి వల ఎవరు కోశారన్న తగువులు.
ఈ ఏడు కాగితం ధర పెరిగింది.
ప్రెస్సాయన అరువు ఇక కుదరదన్నాడు.

మొదటి పేజీలో నువ్వెవరో చెప్పాలత్తా.
"గుల్లలు ఏరేదాన్ని."
ఇంకాస్త గొప్పగా?
చాలాసేపు ఆలోచించింది.
"చలికాలంలో కూడా."

రెండో పేజీ, మా ఊరు.
గలీసియాలో ఈ ఒడ్డుని మృత్యుతీరం అంటారు,
అన్ని ఓడలు మునిగాయి ఇక్కడ.
వ్యాపారానికి అచ్చొచ్చే పేరు కాదు కదా,
'అట్లాంటిక్ అంచున' అని కొట్టాను.
తెర మీద వేలు పెట్టింది, తడి ముద్ర పడింది.
"మునిగినవాళ్ళు ఏమనుకుంటారు?"
పాత పేరే మళ్ళీ కొట్టాను.

మూడో పేజీ, పాఠకులు.
ప్రతులు నాలుగు వందల పన్నెండు.
వెయ్యి అందామన్నాను. కళ్ళతోనే వద్దంది.
మరి వలలు కుట్టే షెడ్డులో
తొమ్మిదిమందికి పైకి చదివి వినిపించే ఎర్మితాస్ని
ఒకటని వెయ్యాలా, పదని వెయ్యాలా?
ఐర్లండు నీళ్ళలో పడవ మీద వంటవాడు సీందో ఉన్నాడు.
సంచిక అతనికి చేరేసరికి ఆటుపోట్లు పాతబడిపోతాయి.
అయినా ప్రతి అంకే చదువుతాడట,
ఆ మంగళవారం పొద్దున మన రేవులో
నీళ్ళు ఏ మెట్టు దాకా వచ్చి ఉంటాయో అని.
వయసు, ఆదాయం, ఊరు.
నా పట్టికలో గడులు మూడే.
సీందో వాటిలో ఎక్కడా పట్టలేదు.

నాలుగో పేజీ దగ్గర ఆగిపోయాం.
చేపల డబ్బాల ఫ్యాక్టరీ వాళ్ళు కబురు పెట్టారు,
వెనక అట్ట ఏడాది మొత్తానికి ఎంతని.
ఆ ఫ్యాక్టరీ గొట్టం రాత్రుళ్ళు కక్కే నురగ గురించి
మార్చిలో రాసింది ఈవిడే.
ఇక్కడ నమూనా సంచిక జతచెయ్యాలి.
మంచి డిసెంబరుది ఉంది, అట్ట మీద లైట్‌హౌసు,
లోపల వంటలు.

అత్త లేచి కిటికీలోంచి నీళ్ళు చూసింది.
"మార్చిది పెట్టు."
అత్తా.
"కొనేవాడు ఏం కొంటున్నాడో చూసుకోవద్దూ?"

పెట్టాను.
కింద రేటు గడి ఇంకా ఖాళీగానే ఉంది.
ఎంత రాయమంటావని అడిగేలోపే
ఆటు మొదలైందని బకెట్టు, పార అందుకుంది.
గుమ్మం దగ్గర కాలు విదిలించి అంది:

"ముందు బూట్ల కంపెనీకి పంపరా.
ఎడమది కారుతోంది."