ఏటిది

ఆదివారం. అరసవల్లిలో దండం పెట్టుకుని
నుదుటి కుంకుమ చెమటకి జారకముందే వస్తారు.
పెద్దలకి ఇరవై, పిల్లలకి పది, కెమెరాకి వేరే.
నాగావళిని చూడ్డానికి టిక్కెట్టు లేదు,
నాగావళి పక్కన కూర్చోడానికే.
నా కిటికీ కంతలోంచి మనుషులు
చేతులుగా మాత్రమే కనిపిస్తారు:
పులిహోర నూనె అంటిన చేతులు,
గోరింటాకు సగం పండిన చేతులు,
చిల్లర లేదని ముందే వణికే ఓ ముసలి చెయ్యి.

పార్కు కాకముందు ఇది చాకిరేవు.
మా పారమ్మ పిన్ని బండకేసి బట్ట బాదితే
ఆ చప్పుడు అవతలి ఒడ్డు తాకి
ఒక్క క్షణం ఆలస్యంగా తిరిగొచ్చేది.
అక్కడెవరో ఇంకో పిన్ని ఉందనుకునేదాన్ని.
ఆ బండకి పసుపు రంగు పూసి
సెల్ఫీ పాయింటు అని రాశారు.

చెట్లకి పేరుపలకలు కొట్టించారు.
కానుగ మీద మద్ది అని ఉంది, మద్ది మీద ఏమీ లేదు.
తోటమాలి అసిరినాయుడికి ఆ సంగతి తెలుసు.
"మారిస్తే ఇంకో మేకు దిగబడతాది.
సెట్టుకి సదువొచ్చేటమ్మా, ఒగ్గేయ్" అంటాడు.
ఊడ్చినచోటే మళ్ళీ ఊడుస్తాడు,
చీపురు కిందికొచ్చిన జెర్రిని మాత్రం
రెల్లు పొదదాకా సాగనంపి వస్తాడు.

ఆరు హంసలున్నాయి మాకు. ఫైబరువి, కాళ్ళతో తొక్కేవి.
కొత్తగా పెళ్ళయినవాళ్ళు ఎక్కి
తొక్కడం ఒకరికొకరు వదిలేసి
ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతారు.
నీటికాకి వాళ్ళ పక్కనే మునిగి
ఎక్కడో తేలుతుంది, ముక్కున వెండిముక్కతో.
వాళ్ళకేసి చూడనైనా చూడదు.

మొన్న భాద్రపదంలో
ఇక్కడ చినుకు లేదు.
పైన రాయగడ కొండల్లో కురిసింది.
రాత్రి పదింటికి నీళ్ళ వాసన మారింది:
పచ్చిమట్టి, కుళ్ళిన వెదురు,
ఎవరి ఇంటిదో పొయ్యిబూడిద.
తెల్లారేసరికి నడకబాట లేదు. పసుపు బండ లేదు.
కౌంటర్లో నా కుర్చీ మీద ఓ కప్ప
డ్యూటీకి నాకన్నా ముందొచ్చి కూర్చుంది.
నాలుగో నంబరు హంస
తాడు తెంపుకుని పోయింది.

పదకొండో రోజున కళ్ళేపల్లి నుంచి కబురు.
ఏరు సముద్రంలో కలిసేచోట ఇసకతిన్నె మీద ఉందట.
గనగళ్ల పోలయ్య ఆటో మీద కట్టి తెచ్చాడు.
మెడ విరిగింది. సీటు కింద ఓ ఎండ్రకాయ
దిగనని మొండికేసింది.
బాడుగ ఇవ్వబోతే తీసుకోలేదు.
"మా గుంటలు పదిరోజులాడుకున్నారు. లెక్క సరి."
వెళ్ళబోయి, ఆగి, ఇరవై రూపాయలిచ్చి టిక్కెట్టు కొన్నాడు.
పొద్దస్తమానం సముద్రం చూసే మనిషి
చెప్పులు విప్పి పక్కన పెట్టుకుని
గంటసేపు ఏరుని చూశాడు.
"తీపినీళ్ళు సప్పుడు సెయ్యవు" అన్నాడు,
ఎవరి మీదో చాడీ చెబుతున్నట్టు.

ఇప్పుడు పిల్లలందరికీ మెడలేని హంసే కావాలి.
మిగతా అయిదూ మెడలు నిక్కించి
ఖాళీగా ఊగుతుంటాయి.
దాన్ని పక్కన పెట్టమని పైనుంచి కాగితం వచ్చింది.
కాగితాన్ని నేను పక్కన పెట్టాను.

నిన్న సాయంత్రం, ఈల ఊదేశాక,
ఓ గుంట, ఆరేళ్ళుంటాయేమో,
మునివేళ్ళ మీద నిలబడి
నా కిటికీలోకి గుప్పిట చాపి తెరిచింది.
నున్నటి రాయిముక్క.
ఒక పగులులో ఇంకా పసుపు రంగు.
"ఏటిది?" అంది.
"ఏటిదే" అన్నాను.
దానికి అర్థం కాలేదు. నాకూ
అన్నాకే అర్థమైంది.
తలూపి, రాయిని గౌను జేబులో వేసుకుని
తల్లి వెనక పరిగెత్తింది. బరువుకి
జేబు ఒకపక్కకి లాగుతోంది.

ఆపాల్సింది నిజానికి.
పార్కులో వస్తువులు బయటికి తీసుకుపోరాదని
గేటు పక్కన బోర్డుండేది.
ఇప్పుడు అదీ
ఏటిదే.