నీళ్ళు మాన్పించడం

నర్సరీ సుభానీ మూరెడు మొక్కను చేతికిస్తూ
"ఇది పొగడమ్మా, పెరగడానికి తొందరపడదు,
చావడానికీ అంతే" అన్నాడు.

నల్లపాడు రోడ్డులో రెండు సెంట్ల ఇల్లు మాది.
బోరు మోటారుకీ ప్రహరీకీ మధ్య
మిగిలిన నేల నాలుగడుగులు.
ఎండాకాలం నా చెయ్యి దూరేంత నెర్రెలిచ్చే నల్లమట్టి.
గోతిలో సగం ఇసుక, సగం గేదె ఎరువు,
పక్కన మెడదాకా పాతిన చిల్లికుండ.
ఒకసారి నింపితే మొక్క రెండు రోజులు తాగేది.

ఎదురింటి నాంచారమ్మ కోనోకార్పస్ వేసింది.
రెండేళ్ళకే డాబా దాటి నీడ.
"మీదింకా బడిలో వేసే ఈడు కూడా రాలేదే" అని నవ్వేది.
మూడో ఏడు దాని వేళ్ళు మురుగు గొట్టంలో దూరి
ఇల్లంతా కంపు. గొడ్డలి వచ్చింది.
నేను నవ్వలేదు. ఆ రోజు వాళ్ళ గుమ్మంలో పడ్డ ఎండ
మా కళ్ళలోకీ కొట్టింది.

మా పొగడ అప్పటికి నా నడుం దాకా.

"ఇక నీళ్ళు మాన్పించండమ్మా,
లేకపోతే వేళ్ళు పైపైనే తిరుగుతాయి, కిందికి దిగవు"
అన్నాడు సుభానీ ఫోన్లో.
మాన్పించడం నాకు తెలుసు.
చిన్నదానికి రెండేళ్ళప్పుడు
వేపాకు నూరి రొమ్ముకు రాసుకుని
రాత్రంతా గోడవైపు తిరిగి పడుకున్నాను.
అది ఏడ్చింది. నా రవిక తడిసింది.

ఆ వైశాఖంలో ట్యాంకరు నాలుగు రోజులకోసారి.
కుండ మీద పెంకు బోర్లించాను.
బియ్యం కడిగిన నీళ్ళు పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి
వెనక్కొచ్చి సింకులో పారబోశాను.

ఆకులు వాలలేదు.
అలలు అలలుగా అంచులు,
వాటి మీద యార్డు నుంచి వచ్చిన ఎర్ర దుమ్ము,
కింద పచ్చగానే.
పెంపకమంటే ఇదీ అని గర్వపడ్డాను.

పదో రోజు తెల్లవారుజామున తుమ్ము వినపడి లేచాను.
మా ఆయన, మిర్చి యార్డులో కాటా మనిషి,
పిల్లకి పాలు మాన్పించిన రాత్రి
దాన్ని భుజాన వేసుకుని వీధి చివరిదాకా తిప్పినవాడు,
చెంబుతో కుండ దగ్గర వంగి ఉన్నాడు.
"చేతులు కడుక్కుంటున్నా" అన్నాడు.
పెంకు పక్కన తీసి ఉంది.

ఎన్ని రోజులుగా కడుక్కుంటున్నాడో
నేను అడగలేదు.

ఇప్పుడది కిటికీ ఎత్తు దాటింది.
వేళ్ళు కిందికి దిగాయో,
ఆ చెంబు దగ్గరే తచ్చాడుతున్నాయో
తవ్వి చూసేవాళ్ళు లేరు.
మొన్న మొదటి పువ్వులు రాలాయి, పదో పన్నెండో.
ఆయన చొక్కా జేబులో వేసుకుని యార్డుకెళ్ళాడు.
సాయంత్రం ఉతకడానికి తీస్తే
మిరప ఘాటు, పొగడ వాసన,
ఏది ఏదో తెలియక
తుమ్మాను.