ఊరికే

విజయనగరంలో నాలుగు రోజుల పని.
రేషను డిపోల్లో కాటాలు సరిచేయాలి.
తిండికి కంపెనీ ఇచ్చేది రోజుకి నూట ఎనభై,
అదీ బిల్లు చూపిస్తే.

లాడ్జి కుర్రాడు ఫోన్లోంచి తలెత్తకుండా చెయ్యి చాపాడు.
అటు వెళ్తే అద్దం తలుపు, ఏసీ,
గాజుతొట్టిలో రెండు నారింజరంగు చేపలు,
పెళ్ళి ఆల్బమంత మెనూ.
కాటా ఎక్కించకుండానే చెప్పగలను, ఏడొందల గ్రాములు.
అంత బరువు మోసుకొచ్చే అన్నం నాకొద్దు.
మంచినీళ్ళు తాగి లేచొచ్చేశాను.

ఇరవై రెండేళ్ళుగా ఊళ్ళు తిరుగుతున్నాను.
కొత్తచోట బోర్డులు చదవను.
మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి
తడిచెయ్యి లుంగీకి తుడుచుకుంటూ,
పంటికింద పుల్లతో,
ప్రపంచంతో ఏ తగాదా లేనట్టు
ఎవడు నడిచొస్తాడో చూస్తాను.
వాడు వెళ్ళేవైపు కాదు,
వాడొచ్చినవైపు నడుస్తాను.

గంటస్తంభం నీడ నా బూట్ల దాకా కూడా రాలేదు.
మొదట వచ్చినవాడి వేళ్ళకి ఉన్నది ఇంకు. తప్పు.
రెండోవాడు కళాసీ.
మీసం చివర పసుపు.
"ఎక్కడ తిన్నావు బాబూ?"
"తినీసినానని మీకెలాగ తెలిసిపోనాది?" నవ్వాడు.
"అలా సందులోకెల్లండి, కుట్టుమిషనోడి పక్కన.
బేగెల్లండి, నెత్తళ్ళు అయిపోతాయి."

బోర్డు లేదు.
మెట్టు కింద పదకొండు జతల చెప్పులు,
ఒక ఒంటి చెప్పు.
లోపల రెండే బల్లలు.
ఎదుటివాడి మోచెయ్యి నా పప్పులో పడకుండా
ఇద్దరం ఎడమకి ఒరిగి తిన్నాం,
ఒకే బస్సు మలుపు తిరుగుతున్నట్టు.

ముందు గ్లాసుడు చోడి అంబలి, ఉల్లిపాయ ముక్క.
"ఎండన పడొచ్చినారు, కడుపు సల్లారనీండి."
తర్వాత అన్నం, చింతకాయలతో నెత్తళ్ళు,
ఆవ పెట్టిన పనసపొట్టు.
మాది పల్నాడు. కారమంటే కళ్ళల్లో కొట్టేదే అనుకునేవాణ్ణి.
ఈ ఆవ నాలుక మీద ఊరుకుని,
ముక్కులోంచి నుదుటికెక్కి,
అక్కడేదో పాత గది తలుపు తీసి
వెళ్ళిపోయింది.

వడ్డించేది తవిటమ్మ.
ఆవిడ గరిటె ఏ రెండు పళ్ళేలకీ ఒకేలా పడదు.
రిక్షా అతనికి గుట్ట.
యూనిఫాం పిల్లకి అడక్కుండా రెండోసారి.
పక్క కొట్టు సేటుకి చారెడే, "మీకు సుగరు కదా."
ధర మాత్రం అందరికీ అరవై.
నా వృత్తి ప్రకారం ఇది నేరం.

పేరేమిటలా అని అడిగాను.
"నాకు ముందర ముగ్గురు పోనారు బావూ.
నాను పుట్టగానే సేటలో పడుకోబెట్టి
పొరుగింటి ముసల్దానికి తవుడుకి అమ్మీసినారు,
మళ్ళీ అదే తవుడిచ్చి కొనుక్కున్నారు.
సోలెడు తవుడు.
తక్కువే అనుకో.
మరి అరవై ఎక్కువని ఎవులైనా అంటే
నానేటి సెప్పను?"

రెండోరోజు మంగళవారం. తలుపుకి తాళం.
బండి దగ్గర పూరీలు తిన్నాను.
ఆ నూనె రాత్రంతా నాతో మాట్లాడుతూనే ఉంది.

మూడోరోజు వెళ్ళాను.
నాలుగోరోజు రామతీర్థం దారిలో
ఒక కాటా మొండికేసి, లేటయింది.
గిన్నెలు బోర్లించి ఉన్నాయి.
"కూకోండి," అని తన కోసం మూతపెట్టుకున్నది
సగం చేసింది.
ఆ రోజే నెత్తళ్ళు రెండోసారి కూడా పడ్డాయి.

బిల్లు కావాలంటే ఇంట్లో నవ్వులు.
మనవరాలు క్యాలెండర్లో అయిపోయిన నెల చింపి,
వెనక గుండ్రటి అక్షరాల్లో రాసిచ్చింది:
భోజనం 60.
నెత్తళ్ళు రెండోసారి, ఊరికే.

నరసరావుపేట ఆఫీసులో మా అకౌంటెంటు
ఆ కాయితాన్ని వెలుతురుకి పట్టి చూశాడు.
"స్టాంపు లేదు, నంబరు లేదు. సరే, అరవై పోనీ.
ఇదేంటి, ఊరికే?
ఏ పద్దు కింద రాసుకోను?"

ఊరికే రాసుకోండి, అన్నాను.

పెన్ను మూత తీశాడు.
"ఏ ఊరికి?"