సీలు వేసిన ఎత్తు

వెనకటి పుస్తకంలో నాలుగు వందల పన్నెండు మంది.
ఈ పుస్తకంలో యాభై ఒకటి.
యాభైకి తగ్గితే ఓటు లేదని
ఢిల్లీ కాగితం, గుండ్రటి ముద్రతో.

అదే కాగితం రెండో పేరా:
దేశమంతటా సభ్యులు తగ్గారు కనుక
తలకి రుసుం రెట్టింపు చేశాం.
రెట్టింపైంది కనుక ఇంకెందరు తగ్గుతారో
మూడో పేరా లేదు.

రాజోలు, కాలవ గట్టు,
కొబ్బరి పీచు కొట్టు మీద గది.
ఇరవై రెండేళ్లుగా కోశాధికారిని నేను.
కోశమంటే బిస్కెట్ల డబ్బా:
నాలుగు వేల మూడు వందల పదహారు,
టెంటుహౌసు బాకీ చీటీ,
గడియారాల్లోంచి పీకిన బ్యాటరీలు,
తల విరిగిన శకటు ఒకడు.

సర్వసభ్య సమావేశానికి కోరం తొమ్మిది.
వచ్చింది ఎనిమిది.
సత్తిపండు రాడు. ఆరెకరాలు రొయ్యల చెరువు చేశాక
ఏరేటర్ల చప్పుడు ఆగితేనే వాడికి మెలకువ.
పిల్లలు రారు. ఫోన్లలో ఆడుతున్నారు,
ఏ దేశంవాడితోనో, పేరు లేనివాడితోనో.
ఓడినా ఎదుటివాడికి టీ ఇప్పించక్కర్లేదు.

"అరగంట చూద్దాం" అన్నారు భీమరాజు గారు.
ఆ అరగంటలో
ఆడిటుకొచ్చిన నల్లి వారమ్మాయి జ్యోత్స్న
రసీదు పుస్తకాన్ని వెలుతురు వైపు తిప్పింది.
"పదకొండు రసీదులు ఒకే సిరా అండి. ఒకే రోజు.
కడలి వీర్రాఘవులు గారి పెద్దకార్యానికి
మా నాన్న వెళ్లి భోంచేసొచ్చారు.
ఆయన మొన్న మార్చిలో చందా ఎలా కట్టారండి?"

ఫ్యాను తిరుగుతోంది. ఎవరూ దగ్గలేదు.

నేనే కట్టానమ్మా.
ఏట్లో కలిసిపోయిన లంక మెరకకి
ఇంకా శిస్తు కట్టే రైతుని చూశావా?
నీళ్ల మీదికి చెయ్యి చాపి
అదిగో అక్కడ నా అరెకరం, అంటాడు.
పెన్షన్లోంచి కట్టాను.
వాళ్లు లేకపోతే ఓటు లేదు,
ఓటు లేకపోతే మనం లేం.
అదీ కారణం.
అదొక్కటే కాదు.

సొరుగు లాగి కవరు తీశాను.
వీర్రాఘవులు పంటు మీద టికెట్లు కొట్టేవాడు.
ఆషాఢంలో ఓ రాత్రి, ఆట సగంలో,
ఆఖరి పంటు కూత వినబడి
తన ఎత్తు కాగితం మీద రాసి, కవర్లో పెట్టి,
అంటించి, సంతకం చేసి లేచాడు.
తర్వాత వరద. తర్వాత కార్తీకం.
"ఆట మధ్యలో ఉన్న మనిషిని
ఎలా కొట్టెయ్యనమ్మా?"

మస్తాన్ వలీ బ్లేడుతో కోశాడు.
ఆ వరదకి గది మునగలేదు గాని
చెమ్మ గోడ పట్టుకుని పైకెక్కింది.
'గుర్రం' అని ఉంది.
ఏ గడికో, నీలి మరక.

బల్ల మీద గుర్రాలు రెండూ బతికే ఉన్నాయి.

రాజు పక్కదే అంటారు భీమరాజు గారు.
అది నడిస్తే మంత్రి పోతాడంటాడు మస్తాన్.
ఏడో తరగతి తర్వాత పావు ముట్టని జ్యోత్స్న
ఎడంవైపు గుర్రం మీద వేలు పెట్టింది.
"పంటు తిన్నగా పోదు కదండి.
ముందు ఎగువకి, ఆనక అడ్డంగా.
ఆయన రోజూ చూసిన దారి ఇదే."

అరగంట ఎప్పుడైపోయిందో, కోరం ఎవరికీ గుర్తు లేదు.

వెళ్లేముందు ఆ అమ్మాయి
స్కేలు పెట్టి పది పేర్లు కొట్టేసింది.
నలభై ఒకటి.
ఓటు పోయింది.
పదకొండో పేరు పక్కన
చిన్న అక్షరాలతో, ఆడిటర్ల ఆకుపచ్చ సిరాతో:
ఆట తేలలేదు.

కింద పీచు కొట్టు షట్టరు దిగింది.
భీమరాజు గారు ఇంకా
కుడి గుర్రమే అంటున్నారు.