గాలి తగిలాక

ఈ బడి తాళాలు నా దగ్గరుంటాయి.
పందొమ్మిదేళ్ళుగా వేల్స్‌లోని ఈ లోయలో
హీటర్లు వెలిగించేది, బల్బులు మార్చేది,
సైన్సు గది సింకులో నారింజ రంగు బురద చూసి
అందరికంటే ముందు తిట్టుకున్నదీ నేనే.
గోటి సందున దూరిందంటే
చేబదులిచ్చినవాడిలా వారం దాకా వదలదు.

"వాగు మురికిని వాగులోనే ఉండనివ్వరాదా,
ప్రాథెరో టీచరుగారూ?"
ఆవిడ మాట్లాడకుండా నా చేతిలో సీసా పెట్టింది.
"పాత గని నోటి దగ్గర పట్టాం, ఇడ్వాల్.
రేపు చూడు."

తేట నీళ్ళు. దాహమేస్తే తాగేసేంత తేట.
తెల్లారి వెళ్ళేసరికి
సీసా నిండా తుప్పు.

"చీకట్లో ఉన్నంతసేపూ ఇనుము నీళ్ళలో కరిగి దాక్కుంటుంది,
గాలి తగిలాకే రంగు బయటపెడుతుంది"
అని పిల్లలకి చెబుతోంది.
చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడి విన్నాను.
ఊడవాల్సిన గది అది కాదు.

తర్వాత ఆ బురదని ట్రేలలో పోసి ఆరబెట్టారు,
పాత మేజోడులో జల్లించారు,
అవిసె నూనెతో నూరి రంగు చేశారు.
పెనం మీద వేయిస్తే పచ్చన కాస్తా ఇటుక ఎరుపవుతుందని
ఏ క్లాసులోనూ నోరు విప్పని మాబ్లి కనిపెట్టింది.
పెనం బడి వంటగదిది. అడిగి తెచ్చింది నేను.
వంటామె ఇప్పటికీ నాతో మాట్లాడదు.

చరిత్ర చెప్పే కాడొగన్ మాస్టారు
అట్టపెట్టెలతో దిగాడు: గని జీతాల చిట్టాలు,
గేలాల సంఘం వాళ్ళ మినిట్స్ పుస్తకాలు.
పిల్లలు వంతులవారీగా చదివారు.
ఒక ఏడు, ట్రౌట్ చేపలు నలభై ఒకటి.
ఒక ఏడు, ఆరు.
ఒక ఏడు, "పోటీ జరపలేదు. టీ మాత్రం ఇచ్చాం."
వరండా గోడ పొడవునా కాగితం పరిచి
ఏళ్ళు గీస్తూ పోయారు,
వాగు ఎప్పుడు ఎర్రబడిందో పట్టుకుందామని.

యెస్టిన్‌కి దొరికింది పంపు హౌసు పుస్తకం.
చివరి పేజీ, పెన్సిలు రాత:
"పంపు ఆపడమైనది. ఉదయం ఆరు గంటల పది నిమిషాలు."
కింద పొడి అక్షరాలు.
"ఇదెవరు సార్?"

మాస్టారికి తెలియదు.
నేను నిచ్చెన మీద ఉన్నాను, ట్యూబులైటు బిగిస్తూ.
దిగాను.

ఇరవై రెండేళ్ళు అప్పటికి. గని మూసేశారు.
నీళ్ళు తోడడం దండగ అన్నారు, ఆపమన్నారు, ఆపాను.
కిందనున్న చీకటంతా నీళ్ళతో నిండి
ఏదో ఒకనాటికి మన వాగులోకి పొంగుతుందని
ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఒక్క పిల్లా నన్ను తప్పు పట్టలేదు.
పట్టి ఉంటే నయం.
మాబ్లి అడిగింది:
"ఆగినప్పుడు ఎలా వినిపించింది?"

నలభై ఏళ్ళలో యూనియను అడగలేదు,
పేపరువాళ్ళు అడగలేదు,
మా ఆవిడ కూడా అడగలేదు పాపం, నొచ్చుకుంటానని.

ఏమీ వినిపించలేదమ్మా, అన్నాను.
పుట్టిన దగ్గర్నుంచీ చెవిలో ఉన్న చప్పుడు పోయి
లోయకి లోయే చెవిటిదైపోయింది.
కాసేపటికి, బాగా లోతున,
ఒక చుక్క పడింది.
అంతే చెప్పగలిగాను. గొంతు తుప్పు పట్టింది.

ఇప్పుడు వ్యాయామశాల గోడ మీద
వాగు బురదతోనే వేసిన వాగు ఉంది,
మనుషులున్నారు, దీపాల టోపీలున్నాయి.
మధ్యలో జానెడు వెడల్పున గోడ ఖాళీ.
సున్నం వేయడం మరిచారనుకుని బ్రష్షు తెచ్చాను.
"వద్దు, అది ఆరూ పది" అంది మాబ్లి.

గని నోటి కింద మూడు మడుగులు తవ్వారు,
సున్నపురాయి ముక్కలు పోశారు, రెల్లు నాటారు.
గురువారం గురువారం కొలుస్తారు.
నిరుడు పన్నెండు, ఈ ఏడు తొమ్మిది.
తొమ్మిది కూడా చేపకి ఎక్కువేనట.
బకెట్టు మోసేది నేనే, మోకాలు ఒప్పుకున్నప్పుడల్లా.

సింకు ఇంకా నేనే కడుగుతున్నాను.
బురద మాత్రం పారబోయను.
జామ్ సీసాలోకి గీకి, మూత బిగించి,
చీటీ మీద తేదీ వేస్తాను, వేళ వేస్తాను,
కింద నా పొడి అక్షరాలు.