నీళ్లు తాగేంత సేపు

మా హోటల్ వయసు అడిగితే
నాయన ఏళ్లు చెప్పడు, నిమిషాలు చెబుతాడు.
"ఇరవై రెండు నిమిషాలప్పుడు మొదలైంది" అంటాడు.

దిగువమెట్ట స్టేషన్లో
ఘాటెక్కే ముందు బొగ్గింజను నీళ్లు తాగేది.
నీళ్ల తొండం కిందికి లాక్కొని
గుటక గుటకకీ ఆవిరి కక్కుతూ
ఇరవై రెండు నిమిషాలు.
ఇంజను తాగుతుంటే జనానికి ఆకలి గుర్తొచ్చేది.

గ్యాంగ్‌మన్ మొగుణ్ణి కొండచరియ మింగితే
మా జేజెమ్మ సుంకులమ్మ
స్టేషన్ కంచె బయట మూడు రాళ్లు పెట్టింది.
రైలోళ్లు ఇచ్చిన సొమ్ముతో
ఒక ఇత్తడి గుండిగ, ఒక రోలు,
డజను గాజులు కొనింది.
గాజులెందుకని ఊరు బుగ్గలు నొక్కుకుంటే
"రుబ్బేటప్పుడు పక్కన చప్పుడుండాల" అనిందంట.

అప్పుడు పేరు లేదు, బోర్డు లేదు.
"సుంకులమ్మ కాడ" అంటే చాలు.
జొన్నరొట్టె, ఊరిబిండి,
కుడుముల గురవయ్య అడవిలోంచి తెచ్చిన తేనె
మోదుగాకు దొన్నెలో అర్ధణాకి.
డ్రైవర్ ఫెర్నాండెజ్ మలుపు కాడ
రెండు కూతలేస్తే రెండు రొట్టెలు.
మూడేస్తే, ఈరోజు ఫైర్‌మన్ కూడా
క్యారేజీ తెచ్చుకోలేదని.

ఇదంతా విన్నదే.
నేను పుట్టేసరికి డీజిలు.
డీజిలుకి దాహం లేదు.
పన్నెండు నిమిషాలన్నారు, తర్వాత ఏడు.
తాత కాశయ్య రొట్టె మానేసి
వడ వేశాడు, పరిగెత్తుతూ తినొచ్చని.
చిల్లర చేతిలో పెట్టేలోపు రైలు కదిలేది.
అట్టా మిగిలిన చిల్లరంతా
ఒక డాల్డా డబ్బాలో వేసి
"అడగొచ్చినోళ్లకి ఇయ్యాల" అనేవాడు.
పదహారేళ్ల తర్వాత ఒకాయన దిగి
నిజంగానే అడిగాడు, ముప్పావలా.
తాత కళ్లు తుడుచుకొని ముప్పావలా ఇచ్చి,
కూర్చోబెట్టి భోజనం పెట్టి,
భోజనానికి మాత్రం పన్నెండు రూపాయలు తీసుకున్నాడు.

మీటరుగేజి పీకేసినప్పుడు రైలే లేదు.
కంకర మీద మేకలు పడుకునేవి.
వెదురు డిపో కూలీలే మాకు ప్యాసింజర్లు.
అమ్మ పద్దులో ఇప్పటికీ ఉంది:
"నరసింగుడు, నాలుగు భోజనాలు. వాన. పని లేదు."
దాని మీద అడ్డంగా గీత.
ఆ ఏడాది పుస్తకం నిండా గీతలే.

ఇప్పుడు కరెంటింజను.
రెండు నిమిషాలు. కొన్ని అవీ ఆగవు.
కిటికీలోంచి మా హోటలు
ఒక నీలం మరక అయ్యుంటుంది.

పోయిన చిత్త కార్తెలో
చలమ కాడ తీగల మీద చెట్టు పడి
ఎక్స్‌ప్రెస్ మా ముందు నిలబడిపోయింది.
ఎంత సేపో స్టేషన్ మాస్టరుకీ తెలియదు.
నాయన అటక మీంచి గుండిగ దించాడు.
దాని అడుగున సాలెగూడు, పక్కన తాత గీసిన సున్నం బొట్టు.
బస్తా బియ్యం, ఉన్న పప్పంతా,
చీకట్లో సెల్‌ఫోన్ లైట్ల కింద వడ్డించాం.
టవరు పడుకుంది. డబ్బులు కొట్టబోతే పోవడంలేదు.
"నంద్యాల్లో సిగ్నలొస్తుంది, అప్పుడు కొట్టండయ్యా"
అన్నాడు నాయన. అంతే.
రాత్రి పదిన్నరకి రైలు వెళ్లిపోయింది.

రెండింటికి కరెంటొచ్చింది.
గల్లాపెట్టె పక్కన డబ్బా గొంతు సవరించుకొని
"ఎనభై రూపాయలు అందాయి" అనింది.
కాసేపాగి, "నూట అరవై."
నాయన బెంచీ మీద వెల్లకిలా పడుకొని
కళ్లు తెరవకుండా వేళ్లు మడుస్తున్నాడు.
అది తెల్లారేదాకా మాట్లాడుతూనే ఉంది.

అమ్మ దీపం పెట్టకముందే పద్దు తెరిచింది.
రానివాళ్ల పేర్లు తెలియవు కదా,
"ఎర్ర చొక్కా, చంకలో పిల్ల, రెండు భోజనాలు" అని రాసింది.
"చెవిటాయన, మజ్జిగ మూడుసార్లు."

ఇంకా గీత కొట్టలేదు.